తొమ్మిదో మెట్టుతో సయోధ్య

నర్సక్కపేట విత్తన శుద్ధి కేంద్రంలో ఫిట్టర్ సుంకరి ఓదెలు ఇనుప నిచ్చెన తొమ్మిదో మెట్టు మీదినుంచి పడ్డప్పుడు, కింద వరి విత్తనాల బస్తాలు ఉండబట్టి బతికిపోయాడు. కుడి మణికట్టు విరిగింది. నడుము పట్టేసింది. అంతకు మించి ఏమీ కాలేదని డాక్టరు చెప్పాడు. ఆరు వారాలు కట్టు ఉంచి, ఇంకో రెండు వారాలు చేతికి కసరత్తు చేయిస్తే మళ్లీ పానా పట్టుకోవచ్చన్నాడు. పాపం ఎముకలు చూసే డాక్టరు, ఆయనకు అంతవరకే తెలుసు.

ఆ కేంద్రంలో ఒక ఎలివేటరు ఉంది. విత్తనాలను కింది గుంతలోంచి ఎత్తుకుపోయి పైనున్న జల్లెడల్లో పోయడం దాని పని. దాని నెత్తిమీది బేరింగుకు వారానికోసారి గ్రీజు పెట్టాలి. గ్రీజు డబ్బా భుజానికి తగిలించుకుని ముప్ఫై రెండు మెట్లు ఎక్కి ఆ పని చేసేది ఓదెలు. పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నాడు. తొమ్మిదో మెట్టుకు ఎడమవైపు వెల్డింగు పోయి ఆరేళ్లయింది. అది తెలిసినవాళ్లు దానిమీద అడుగు వేయకుండా ఎనిమిదినుంచి పదికి కాలు చాపేవాళ్లు. ఆ రోజు ఓదెలు కూతురి పరీక్ష ఫలితాల గురించి ఆలోచిస్తూ మెట్లు లెక్కపెట్టడం మరిచాడు. కూతురు పాసైంది. ఓదెలు పడ్డాడు.

కట్టు విప్పాక ఒక మధ్యాహ్నం భార్య రాజవ్వ, అటక మీది తునికాకు కట్ట దించిపెట్టమంది. ఆమె బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటే లేవడం ఆమెకు కష్టం. ఓదెలు వెదురు నిచ్చెన వేసుకుని ఎక్కాడు. మూడో మెట్టు మీద కాళ్లు ఆగిపోయాయి. చెమట పట్టింది. పైకి పోలేడు, కిందికి రాలేడు. ఎలాగో జారుకుంటూ దిగి, చెయ్యి గుంజుతోందని చెప్పాడు. రాజవ్వ చాట పక్కన పెట్టి, లేచి, తనే ఎక్కి ఆకు దించుకుంది. ఆమె ఏమీ అడగలేదు. అతనూ చెప్పలేదు. నలభై ఏడేళ్ల ఫిట్టరు నిచ్చెన చూసి భయపడుతున్నాడన్న మాట బయటికి వస్తే తల ఎత్తుకోలేనని అతని బాధ.

డ్యూటీలో చేరతానని డాక్టరు చీటీ పట్టుకుని అతను కేంద్రానికి వెళ్లేసరికి అక్కడ కాలం మారిపోయింది. సంస్థ మేనేజింగ్ డైరెక్టరు గారు ఏదో కొండ మీద మూడు రోజుల సదస్సుకు వెళ్లి వచ్చారు. గాయపడిన ఉద్యోగికి చెయ్యి అతికితే చాలదనీ, మనసు కూడా అతకాలనీ అక్కడ ఆయనకు తెలిసింది. మాట నిజమే. నిజమైన మాటను కార్యాలయానికి తీసుకొస్తే దానికి ఒక విభాగం, ఒక రబ్బరు ముద్ర, ఒక నలభై ప్రశ్నల పత్రం తప్పవు. ఆ విధంగా మనోస్వాస్థ్య పరామర్శ విభాగం పుట్టింది. పని ప్రదేశంలో గాయపడిన ఏ ఉద్యోగీ మనసు కోలుకున్నట్టు ధ్రువపత్రం లేనిదే విధుల్లో చేరరాదని సర్క్యులరు వచ్చింది. సంక్షేమాధికారి శశిభూషణరావు గారు దానికి అధిపతి అయ్యారు. అంతకుముందు ఆయన క్యాంటీన్ చూసేవారు.

శశిభూషణరావు గారు నిజానికి మంచి మనిషి. ఓదెలును నిలబెట్టకుండా కుర్చీ వేయించారు, మంచినీళ్లు ఇప్పించారు. డాక్టరు చీటీని మాత్రం చూడకుండానే పక్కకు జరిపారు.

"ఓదెలు గారూ, సంస్థ ఇప్పుడు మీ హస్తాన్ని చూడటం లేదు. మీ అంతరంగాన్ని దర్శిస్తోంది. నిస్సంకోచంగా సెలవియ్యండి" అన్నారు.

ఓదెలుకు సెలవు కావాల్సిన పని లేదు, పనిలో చేరడమే కావాలి. ఆ మాటే చెప్పాడు. సెలవియ్యడమంటే అది కాదని ఆయన ఓపిగ్గా వివరించి, ప్రశ్నలు మొదలుపెట్టారు. పడిన క్షణంలో ఏమనిపించింది అని మొదటి ప్రశ్న. మెట్టు ఊడిందనిపించింది అన్నాడు ఓదెలు. ఆ జవాబుకు ఎదురుగా శశిభూషణరావు గారు, బాహ్య వస్తువుపై నిందారోపణ, నాలుగు మార్కులు అని రాశారు. ఇప్పుడు ఎలా ఉంది అంటే మంచిగనే ఉంది అన్నాడు. మంచిగా ఉందనడం వ్యథను దాచే తిరస్కార దశకు గుర్తట, దానికి ఐదు. మీకు ఏ సహాయం కావాలి అంటే, ఆ మెట్టు వెల్డింగు చేయిస్తే చాలు సార్ అన్నాడు. ఒకే వస్తువు చుట్టూ ఆలోచన తిరగడం అన్నింటికంటే లోతైన లక్షణం కాబట్టి దానికి ఏడు పడ్డాయి. లెక్క తేలేసరికి ముప్ఫై ఒకటి. పదికి దిగితేనే ధ్రువపత్రం.

చదువుకునే రోజుల్లో ఓదెలుకు ఏ పరీక్షలోనూ అన్ని మార్కులు రాలేదు.

అతను అక్కడినుంచి ఇంజనీరు విఠల్‌రావు గారి గదికి వెళ్లాడు. విఠల్‌రావు తక్కువ మాట్లాడే మనిషి. ఫైళ్ల వెనక సగం ముఖమే కనిపించేది. నిచ్చెన మరమ్మతు కాగితం ఆరేళ్లనుంచి ప్రధాన కార్యాలయంలో ఉందని ఎప్పుడూ చెప్పే మాట చెప్పాడు. ఈసారి ఇంకో మాట కూడా కలిపాడు. ప్రమాదం జరిగిన రోజునుంచి ఆ నిచ్చెన ఇంజనీరింగు ఆస్తి కాదట. కొత్త నిబంధన ప్రకారం అది ఆఘాత వస్తువు, పరామర్శ విభాగం అధీనంలోకి వెళ్లింది. వాళ్ల అనుమతి లేకుండా దానికి ఒక మేకు కూడా కొట్టరాదు. చెప్పినంతసేపూ విఠల్‌రావు ఓదెలు ముఖంలోకి చూడలేదు.

చికిత్స మొదలైంది. ప్రతి సోమవారం గోదాములో నవ్వుల సభ. శశిభూషణరావు గారు గడియారం చూసుకుని మూడు నిమిషాలు హాహాకారంగా, రెండు నిమిషాలు హోహోకారంగా నవ్వేవారు. ఓదెలుకు నవ్వు రాలేదు గానీ, ఆయన నవ్వడం చూసి బస్తాలు కుట్టే ఆడవాళ్లు నిజంగానే పొట్టలు పట్టుకుని నవ్వేవారు. వాళ్ల మనసులు బాగా కోలుకున్నాయని నివేదికలో రాశారు. వాళ్లలో ఎవరికీ దెబ్బ తగలలేదన్న సంగతి నివేదికలో రాయడానికి గడి లేదు.

బుధవారం బొమ్మల చికిత్స. మనసులో ఉన్నది గీయమంటే ఓదెలు నిచ్చెన గీసి, తొమ్మిదో మెట్టు దగ్గర బాణం గుర్తు పెట్టి, వెల్డింగు ఎంత మందం పడాలో పక్కన కొలత వేశాడు. మూడు మార్కులు పెరిగాయి.

శుక్రవారం క్షమాలేఖ. గాయపరిచిన వస్తువును మనసారా మన్నిస్తూ దానికి ఉత్తరం రాయాలి. ఓదెలు ఎడమ చేత్తో కాగితం నొక్కిపట్టి, ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాని కుడిచేత్తో చాలాసేపు రాశాడు. నిచ్చెనకు నమస్కారమని మొదలుపెట్టి, నీ తప్పేం లేదని, ఆరేండ్ల సంది వానకు తడిసి ఎండకు ఎండి నువ్వు మాత్రం ఏం జేస్తవని, ఎడమ దిక్కు రెండంగుళాల వెల్డింగు పడితే నువ్వు ఇంకో ఇరవై ఏండ్లు నిలవడతవని రాశాడు. శశిభూషణరావు గారు మొదటి సగం చదివి కళ్లు తుడుచుకున్నారు. రెండో సగం చదివి నాలుగు మార్కులు వేశారు. మొత్తం ముప్ఫై ఎనిమిదయింది. చికిత్సకు ముందున్నదానికంటే వ్యథ పెరిగిందంటే, అణచిపెట్టుకున్నది బయటికి వస్తోందన్నమాటే అని ఆయన సంతోషించారు.

ఓదెలును కుదిపేసింది మార్కులు కాదు. అతను చికిత్సలో ఉంటే గ్రీజు పెట్టే పని పాత హెల్పరు ఐలయ్య మీద పడింది. ఐలయ్యకు రిటైర్మెంటు ఐదు నెలల్లో ఉంది. కళ్లు సరిగా కనపడవు. ప్రతి గురువారం ఉదయం ఆయన లుంగీ ఎగ్గట్టి నిచ్చెన ఎక్కుతుంటే, ఓదెలు కింద నిలబడి బయటికి వినపడేలా మెట్లు లెక్కపెట్టేవాడు. ఎనిమిది అనగానే ఆగి, "ఐలన్నా, ఇగ కాలు జాపు" అనేవాడు. ఐలయ్య చాపేవాడు. ఓదెలు అప్పుడు పది అనేవాడు.

రెండో నెలలో ప్రధాన కార్యాలయంనుంచి, ఉద్యోగికీ ఆఘాత వస్తువుకూ మధ్య సయోధ్య జరపాలని ఆదేశం వచ్చింది. సయోధ్యకు ముందు వస్తువు చూడగానే ప్రశాంతత కలగాలి. రంగుల ప్రభావం తెలిసిన నిపుణులు ఆకాశనీలం సూచించారు. ఒక్కరోజులో నిచ్చెన మొత్తానికి నీలిరంగు కొట్టారు. ఆరేళ్లుగా ఒక వెల్డింగు రాడ్ కూడా రాని చోటికి నాలుగు డబ్బాల రంగు వచ్చింది. తుప్పు కనపడలేదు, పగులు కనపడలేదు, ఎవరో ఎప్పుడో సుద్దముక్కతో తొమ్మిదో మెట్టు మీద వేసిన అడ్డగీత కూడా కనపడలేదు. రంగు కప్పుకుని ముప్ఫై రెండు మెట్లూ ఒకలాగే ముచ్చటగా ఉన్నాయి.

సయోధ్య రోజు నిచ్చెనకు బంతిపూల దండ వేశారు. శశిభూషణరావు గారు మాట్లాడుతూ మానవుడికీ లోహానికీ అనాదిగా ఉన్న అనుబంధాన్ని ప్రస్తావించారు. ఓదెలును పిలిచి నిచ్చెనను ఆలింగనం చేసుకోమన్నారు. ఓదెలు చేసుకున్నాడు. రంగు ఇంకా ఆరలేదు. చొక్కా పాడైంది.

ఆ మర్నాడే గురువారం. సయోధ్య ఉత్సాహంలో పరామర్శ పత్రాలు నింపడానికి ఓదెలును ముందుగానే లోపలికి పిలిచారు. ఐలయ్య ఒక్కడే ఎక్కాడు. తనలో తాను లెక్కపెట్టుకున్నాడు గానీ, అన్ని మెట్లూ ఒకే రంగులో మెరుస్తుంటే మధ్యలో ఒకటి తప్పింది. ఓదెలుకు బయట ఏదో పడ్డ చప్పుడు వినపడి పరుగెత్తుకొచ్చాడు. పడ్డది గ్రీజు డబ్బా. ఐలయ్య రెండు చేతులతో పక్క కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాడు. ఒక కాలికి చెప్పు లేదు. బస్తాలు కుట్టే ఆడవాళ్లు అరుస్తూ కింద బస్తాలు పేరుస్తున్నారు. ఓదెలు నిచ్చెన దగ్గరికి పోయి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. రెండో కాలు లేవలేదు. లేపుదామనుకున్నాడు, లేవలేదు. పైనుంచి ఐలయ్యే ఎలాగో కాలితో ఎనిమిదో మెట్టు అందుకుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగాడు. దిగి, ఓదెలు వణుకు చూసి, తనకేం కాలేదని అతన్నే ఊరడించాడు.

విభాగం వెంటనే స్పందించింది. ప్రమాదాన్ని కళ్లారా చూసినవారికి కూడా మనోవ్యథ కలిగి ఉంటుంది కాబట్టి, చూసిన పద్నాలుగు మందినీ పరామర్శలో చేర్చారు. చూడనివాళ్లు, చూడలేకపోయామన్న వ్యథకు లోనై ఉండవచ్చని మర్నాడు వాళ్లనూ చేర్చారు. దాంతో కేంద్రంలో పని చెయ్యడానికి మనిషి మిగల్లేదు. ఎలివేటరు ఆగిపోయింది. విత్తనాల కోసం వచ్చిన రైతులు గేటు దగ్గర కూర్చున్నారు. లోపలినుంచి నలభై మంది ఒక్కసారిగా నవ్వడం వాళ్లకు వినపడింది. రైతులకు కూడా ఏమైనా వ్యథ కలిగిందా అని శశిభూషణరావు గారు విచారించబోయారు గానీ, వాళ్ల ముఖాలు చూసి విరమించుకున్నారు.

అన్ని పత్రాలు ఆయన ఒక్కరివల్ల కాక, వరంగల్‌నుంచి నీరజ అనే అమ్మాయిని మూడు నెలల కాంట్రాక్టు మీద పిలిపించారు. ఆమె మనస్తత్వశాస్త్రం చదువుకుని వచ్చింది, అందుకని ఆ విభాగంలో కాస్త కొత్తగా కనిపించేది. ఓదెలు ఫైలు చదివి, అతన్ని పిలిచి, నలభై ప్రశ్నల పత్రాన్ని తిప్పి బోర్లా పెట్టి, దానిమీద పెన్ను పెట్టేసింది.

"నేను రాసుకోను, ఓదెలు గారు. ఆ రోజు ఐలయ్య గారు వేలాడుతుంటే మీకేమైందో అదొక్కటి చెప్పండి" అంది.

ఓదెలు బోర్లా పెట్టిన పత్రాన్ని చూశాడు. ఆమె తొందరపెట్టలేదు. గోదాములోంచి నవ్వుల సభ వినపడి ఆగిపోయింది.

"భయమైంది మేడం. ఒక్క మెట్టు ఎక్కలేకపోయిన. కాళ్లు మొద్దుబారినయి. ఇంట్ల అటక సుత ఎక్కలేకపోతున్న. నా భార్యకు ఎరుకే, నేను చెప్పలే, ఆమె అడగలే. ఫిట్టర్‌ను మేడం నేను. నిచ్చెన ఎక్కకుంటే నేనేం ఫిట్టర్‌ను?"

అంతమాట అనేసి అతను తలవంచుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు నెలలుగా అతని మనసును గీసి, రాసి, నవ్వించి, దండేసి చూసిన సంస్థలో ఒక మనిషి ఎదురుగా కూర్చుని విన్నది అదే మొదటిసారి.

ఏం చేస్తే ఆ భయం తగ్గుతుందని అతనికి అనిపిస్తోందో నీరజ అడిగింది.

"ఆ మెట్టు నేనే అతికియ్యాలె. అది మంచిగైందని మందికి తెలిస్తే చాలదు, నా చెయ్యికి తెల్వాలె."

నీరజ ఆలోచించింది. ఆమె వచ్చి పది రోజులే అయినా సంస్థ భాష బాగానే పట్టుబడింది. మరమ్మతు అని రాస్తే కాగితానికి ఆరేళ్లు పడుతుందని ఆమెకు అర్థమైంది. అందుకని, రోగి తన ఆఘాత వస్తువును స్వహస్తాలతో పునఃసంధానం చేయడం ద్వారా ఆత్మవిశ్వాసం పొందే లోహసంధాన చికిత్సకు అనుమతి కోరుతున్నానని రాసింది. చికిత్సకు కావలసిన సాధనాలు: వెల్డింగు యంత్రం ఒకటి, రాడ్లు ఒక పెట్టె, నల్ల అద్దం ఒకటి. శశిభూషణరావు గారు ఆ పేరు రెండుసార్లు బయటికి చదువుకుని పరవశించారు. రెండో రోజుకల్లా అనుమతి వచ్చింది, సాధనాలు జీపులో వచ్చాయి.

ఓదెలు నడుముకు తాడు కట్టుకున్నాడు. ఐలయ్య, ఆడవాళ్లు, నీరజ చుట్టూ నిలబడ్డారు. నడుముకు తాడు కట్టుకున్నాడు. మొదటి మెట్టు మీద ఎంతసేపు నిలబడ్డాడో ఎవరూ లెక్కపెట్టలేదు. రెండో మెట్టు. మూడు. మధ్యలో దిగి వచ్చి నీళ్లు తాగాడు. దిగినందుకు ఎవరూ ఏమీ అనలేదు. రెండోసారి ఏడో మెట్టుదాకా వెళ్లి, అక్కడ నిలబడి బ్రష్షుతో నీలిరంగు గీకి, తొమ్మిదో మెట్టు అతికించాడు. ఎడమవైపు అయ్యాక, ఎందుకైనా మంచిదని కుడివైపు కూడా ఒక పూత వేశాడు. చల్లారాక సుత్తితో కొట్టి చూశాడు. నిండైన చప్పుడు వచ్చింది. అప్పుడు కాలు పెట్టి, ఒంటి బరువంతా దానిమీద వేసి నిలబడ్డాడు. కిందికి చూసినప్పుడు కళ్లు కాస్త తిరిగాయి. అయినా నిలబడ్డాడు.

భయం ఆ రోజుతో పూర్తిగా పోయిందని చెబితే అబద్ధమవుతుంది. గ్రీజు పెట్టడానికి ఎక్కిన ప్రతిసారీ తాడు కట్టుకునేవాడు. కట్టుకోకుండా ఎక్కేవాళ్లను ఎక్కనిచ్చేవాడు కాదు. ఇంట్లో రాజవ్వకు అంతా చెప్పాడు. ఆమె బీడీ చుడుతూ విని, నాకెరుకే అంది.

ఓదెలు మార్కులు ముప్ఫై ఎనిమిదినుంచి ఆరుకు దిగడంతో ప్రధాన కార్యాలయం కదిలిపోయింది. మెట్టు అతకడం చూసిన మిగతావాళ్లకూ ధ్రువపత్రాలు ఇచ్చేశారు, ఎలివేటరు మళ్లీ తిరిగింది. మేనేజింగ్ డైరెక్టరు గారు ఆ పద్ధతిని అన్ని కేంద్రాలకూ వర్తింపజేశారు. ఓదెలును లోహసంధాన చికిత్సకుడిగా డెప్యుటేషన్ మీద ఊరూరా పంపారు. ఒక కేంద్రంలో ఫైళ్ల బీరువా మీదపడి భుజం విరిగిన టైపిస్టు కాంతమ్మ, ఆ బీరువాకు క్షమాలేఖ రాయలేక మూడు వారాలుగా ఏడుస్తోంది. ఓదెలు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని బీరువాను గోడకు బోల్టులతో బిగించాడు. బిగిస్తున్నంతసేపూ ఆమె మాట్లాడింది, అతను విన్నాడు. చివర్లో బీరువాను లాగి చూడమన్నాడు. లాగింది. కదల్లేదు. మర్నాటినుంచి డ్యూటీకి వచ్చింది. ఇంకోచోట బెల్టుకు జాలీ పెట్టాడు, మరోచోట వానకు జారే మెట్ల మీద గరుకు రేకు పరిచాడు. అన్నీ చికిత్సలే. నివేదికలో వాటిని అలాగే రాశారు. ఆ సంవత్సరం సంస్థలో కొత్తగా గాయపడేవాళ్లు తగ్గిపోయారు. చికిత్సకు రోగులు చాలడం లేదని విభాగం ఆందోళన వ్యక్తం చేసింది.

ఈ గొడవలో పని లేకుండా పోయినవాడు ఇంజనీరు విఠల్‌రావు. మరమ్మతులన్నీ పరామర్శ విభాగం చేస్తుంటే తమ విభాగం ఎందుకని ప్రధాన కార్యాలయానికి లేఖ రాశాడు. ఆ లేఖలో, ఈ పరిణామం నా మనసును గాయపరిచింది అని ఒక వాక్యం ఉంది. ఇంజనీరింగు వాళ్లు ఆ లేఖను చదవలేదు. పరామర్శ వాళ్లు చదివారు. గాయం, అదీ కార్యాలయ వేళల్లో, పని ప్రదేశంలో. నిబంధన స్పష్టంగా ఉంది. విఠల్‌రావు గారిని విధులనుంచి తప్పించి, చికిత్స నిమిత్తం ఫిట్టర్ ఓదెలు వద్దకు పంపారు.

నర్సక్కపేట కేంద్రంలో విత్తనాల గుంత చుట్టూ కంచె లేదు. ఆ రోజు ఓదెలు అక్కడ ఇనుప గొట్టాలు నిలబెడుతున్నాడు. విఠల్‌రావు ఇస్త్రీ చొక్కాతో వచ్చి నిలబడ్డాడు. కుర్చీ లేదు కాబట్టి ఓదెలు ఒక బస్తా జరిపి దాని మీద కూర్చోమన్నాడు. రాడ్ పట్టుకునే తీరు చూపించాడు. విఠల్‌రావు పట్టుకున్నాడు గానీ చెయ్యి ఆడలేదు.

"నేను రాయలేదనుకుంటున్నవా, ఓదెలు? ఏడాదికి మూడుసార్లు రాసిన. పన్నెండు కాయితాలు. తరువాత రాసుడు ఆపేసిన" అన్నాడు. గుంతలోకి చూస్తూ మళ్లీ అన్నాడు. "నువ్వు పడ్డనాడు నేను కిటికీలకెల్లి చూసిన. బయటికి రాలేకపోయిన. నీ మొఖం ఎట్ల చూడాల్నో తెల్వలేదు."

ఓదెలు, కోపం వస్తుందేమోనని తనలో తను వెతుక్కున్నాడు. నిజానికి కొంచెం వచ్చింది కూడా. తర్వాత ఆ ఇస్త్రీ చొక్కా మనిషి చెయ్యి వణుకుతున్న తీరు చూశాడు. అది ఎలాంటి వణుకో అతనికి బాగా తెలుసు. నల్ల అద్దం తీసి ఆయన చేతికిచ్చాడు.

"అద్దం పెట్టుకోండ్రి సార్, కండ్లు నొస్తయి. ఈ పక్కనుంచి మెల్లగ తీసుకపోండ్రి. నేను గొట్టం పట్టుకుంట."

నిప్పురవ్వలు లేచాయి. అతుకు వంకరగా పడింది. ఓదెలు సుత్తితో కొట్టి చూసి, గట్టిగనే ఉందని, ఇంకోటి వెయ్యమని చెప్పాడు. విఠల్‌రావు రెండోది వేశాడు. మూడోది అడక్కుండానే వేశాడు.

నాలుగోది సగంలో ఉండగా శశిభూషణరావు గారు పత్రం, పెన్ను పట్టుకుని గుంత దగ్గరికి వచ్చారు. ఇంజనీరు గారి మనోవ్యథ ప్రస్తుతం ఎంత ఉందో, ఒకటినుంచి పది లోపు ఒక అంకె సెలవివ్వాలని అడిగారు. వెల్డింగు చప్పుడులో విఠల్‌రావుకు వినపడలేదు. శశిభూషణరావు గారు ఇంకోసారి, కాస్త గట్టిగా అడిగారు.

గొట్టం పట్టుకున్న చెయ్యి వదలకుండా ఓదెలు తల తిప్పి చూశాడు.

"సార్ పనిల ఉన్నరు. మల్ల రాండ్రి" అన్నాడు.